రెండు దెబ్బలు

ఈలీ ఊరి చివర గడ్డకట్టిన సరస్సు మీద
నలభై కుక్కలు ఒకేసారి మొరుగుతున్నాయి.
మైనస్ పంతొమ్మిది.
కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కుని
మూస్తే తెరవమని బతిమాలుకోవాలి.

నా నడుముకి పట్టీ, పట్టీకి సాగే తాడు,
తాడుకి అటు చివర ఉలవ.

షెల్టర్‌లో దాని పేరు డకోటా.
నానబెట్టిన ఉలవల రంగు ఒళ్ళు,
అక్కడక్కడా నల్లగా మాడిన గింజ,
చూశాక ఆ పేరు నా నోట నిలవలేదు.
పక్కింటి కర్స్టిన్ "ఓలావా" అంటుంది.
ఎవరెలా పిలిచినా అది వచ్చేది అన్నానికే.

ఇక్కడివాళ్ళు కుక్కలకి
కుడికో కూత, ఎడమకో కూత నేర్పుతారు.
నేను నాకొచ్చింది నేర్పాను.
మా అమ్మ రేపల్లె డిపోలో కండక్టరు.
భుజాన తోలుసంచీ, వేళ్ళ సందున నిలువుగా మడిచిన నోట్లు.
ఆవిడ "రైట్ రైట్" అంటే తెనాలి కదిలొచ్చేది.
"హోల్డాన్" అంటే
చెప్పులోని కాలు చెప్పులోనే ఆగిపోవాలి.

ఉలవకి ఆ రెండు మాటలే వచ్చు.
ఐదు కిలోమీటర్లకి రెండు మాటలు చాలనుకున్నాను.

మొదటి కిలోమీటరు నాకు గుర్తులేదు.
తాడు బిగిసిన చప్పుడు విన్నాను,
ఆపైన నా కాళ్ళు నన్ను వదిలేసి ముందుకెళ్ళాయి.
రెండోది బాగా గుర్తుంది.
దుప్పి నడిచిన జాడేదో వాసన చూసి
పందెం నట్టనడుమ, ఏ తొందరా లేకుండా
ఉలవ నడుం వంచి కూర్చుంది.
అందరూ దాటిపోయారు,
ఒక పెద్దాయన టోపీ తీసి మరీ.

మూడో మలుపులో వెనక కర్స్టిన్,
రెండు హస్కీలతో. ఆమె బయల్దేరిందే ఆలస్యంగా.
మర్యాదస్తురాలు, కుడివైపు నుంచి వస్తున్నానని
ముందే కేకేసింది: "రైట్!"
ఉలవ చెవులు రెండూ వెనక్కి తిరిగాయి.
నాకు వినపడలేదేమోనని ఇంకోసారి: "రైట్!"

ఇక నేనేం చెప్పను!
ఆమె దాటాలని ఎంత అరిస్తే
మేమంత ముందుకి.
సూదాకుల చెట్లు ఒకే ఆకుపచ్చ గీత అయిపోయాయి,
మంచు నా పళ్ళలో కరకరలాడింది.
డ్రైవరు వెనక్కి చూడడే, అనేది అమ్మ,
కండక్టరు గొంతే వాడికి వెనక కళ్ళు.
ఇక్కడ డ్రైవరు ఉంది, గొంతు పరాయిది,
నేను టికెట్ కొట్టించుకోని ప్రయాణికురాలిని.
ఇంత హాయిగా ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

చివరి పల్లం. కింద ముగింపు గీత, జనం,
ఒక పిల్లాడి చేతిలో పొగలు కక్కే కప్పు.
భయపడ్డాను. నోరు జారింది:
"హోల్డాన్!"

ఉలవ ఆగింది.
అంత బుద్ధిగా అదెప్పుడూ ఆగలేదు.
నేను ఆగలేదు.
దాని పక్కనుంచి జారి, గీత దాటి,
వెల్లకిలా ఆకాశం ముందు పడ్డాను.

మనిషి చేరితే లెక్క కాదట,
కుక్క ముక్కు గీత దాటాలి.
అది రెండు బారల దూరంలో
చెప్పిన చోటే కూర్చుని నన్ను చూస్తోంది.
అరుద్దామంటే గొంతులో గాలి తప్ప ఏమీ లేదు.
"ఓలావా, ఓలావా" అని జనం.
అది వాళ్ళవైపు చూడనైనా లేదు.
వెనక పల్లంలో హస్కీల రొప్పు.

జాతర రోజుల్లో గొంతు పోయినప్పుడు
అమ్మ అరచేత్తో బస్సు రేకు మీద కొట్టేది.
ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పద.
నా చెయ్యి దానంతటదే
పక్కన పడున్న స్కీ మీద కొట్టింది.
టప్. టప్.

ఉలవ లేచి, గీత దాటి,
నా మొహం దాటి, స్కీ దగ్గరికెళ్ళి
దాని చుట్టూ రెండుసార్లు వాసన చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది.
రోజూ సాయంత్రం వంటింట్లో నేను
గరిటెతో గిన్నె మీద కొట్టేదీ రెండే.
నాకది బస్సు. దానికది అన్నం.

చివరినుంచి మూడో స్థానం.
గిన్నె ఎక్కడ పెట్టానో చెప్పమని
అదింకా నన్నే చూస్తోంది.