కాస్త జరగండి

మేనల్లుడి ట్రాలీ ఆటోకి గేరు పడటం లేదంటే
ఆటోనగర్ తీసుకొచ్చాను.
షాపు ముందు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి
ఎప్పటిదో కారు సీటొకటి వేశారు.
రెక్సిన్ మారింది. స్ప్రింగు మారలేదు.
కూర్చోగానే నాకంటే ముందు
నా నడుము గుర్తుపట్టింది.

అది గుంటూరు టాక్సీ.
పొగాకు షావుకారొకాయన మోజు తీరి అమ్మేస్తే
చేతులు మారి మారి నాగుల్ మీరా దగ్గర ఆగింది.
ప్లీమత్ అని పేరు. మా నోళ్ళకి తిరగలేదు.
మొదట పిలిమూత, తర్వాత ఉత్త మూత.
"మూత వెళ్ళిపోయిందా?" అని
నంబూరు సెంటర్లో అడిగేవాళ్ళు జనం,
తమ ఇంట్లో మనిషిని అడిగినట్టు.

అమెరికా గుండె ఎప్పుడో తీసేశారు.
పెట్రోలు తాగే గుండె, మన రూపాయిన్నర చార్జీలకి ఆగదు.
ఎక్కడిదో డీజిలింజను తెచ్చి కూర్చోబెట్టారు.
అప్పట్నుంచీ
పట్టుచీరలో చుట్ట కాల్చే ముసలమ్మలా
దగ్గుకుంటూ బయల్దేరేది.

ముందు నలుగురు, వెనక ఆరుగురు,
డిక్కీలో మిరపకాయ బస్తాలు రెండు.
నేను క్లీనర్ని. నాకు సీటు లేదు, తలుపుంది.
దాన్ని పట్టుకుని వేలాడుతూ పొద్దుట్నుంచి రాత్రిదాకా
ఒకటే మాట: కాస్త జరగండి.
జరిగేవాళ్ళు.
ఇక చోటు లేదన్నాక కూడా
ఇంకో మనిషి పట్టేవాడు.

స్పీడు ముల్లు నలభై దగ్గర చచ్చిపోయింది.
కాజ దగ్గర రేడియేటర్ మరిగి ఆగినా నలభయ్యే,
మంగళగిరి దాటి దూసుకెళ్ళినా నలభయ్యే.
అవి మైళ్ళని మీరా, కిలోమీటర్లని నేను.
ఆ తగాదా తేలనే లేదు.

నాకు పదిహేడు.
మిర్చియార్డు నుంచి తెల్లవారుజాము లోడు, మనుషులు లేరు.
మీరాకి జ్వరం. చుట్టుగుంట దగ్గర బండాపి
"నువ్వు రా ఇటు" అన్నాడు, అంతే.
లైసెన్సు లేదు. బానెట్టు అవతల రోడ్డుందో లేదో కనపడదు.
గోనెసంచి మడిచి కిందేసుకున్నాను.
స్టీరింగుని కరుచుకుని ఉండే గేరు.
నా వైపు లాగి దించితే ఒకటి,
అటు తోసి ఎత్తితే రెండు, మళ్ళీ దించితే మూడు.
పెద్దింటి దొడ్డి తలుపు గడియ తీస్తున్నట్టు భయం,
ఎవరో "ఎవర్రా అది" అంటారని.

ఆగస్టు. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు.
మూతకి ముక్కు మీద నికెల్ పడవ ఒకటుండేది,
తెరచాపలతో సహా.
ఎప్పుడు ఏ సముద్రం దాటిందో గానీ
ఆ పూట కృష్ణ దాటింది, నీళ్ళంటకుండా.
కిటికీల్లోంచి తుంపర, డిక్కీలోంచి ఘాటు.
తుమ్మితే బండి వంకర పోతుందేమోనని
అవతలి గట్టుదాకా ఆపుకున్నాను.
వన్‌టౌన్‌లో దిగి తుమ్మాను, పదకొండుసార్లు.
మీరా కళ్ళు తెరవకుండానే అన్నాడు,
"క్లచ్చి మీద కాలు ఆనించి ఉంచకు, అరిగిపోద్ది."
ఆయన దగ్గర మెప్పంటే అదే.

తర్వాత అంబాసిడర్లు తోలాను, లారీలు, ఒక స్కూలు బస్సు.
ఇప్పుడు మనవరాలి పక్కన కూర్చుంటాను.
దాని కారుకి క్లచ్చి లేదు.
దారి కూడా కారే చెబుతుంది.
హాయిగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

పడవని ఎవరు పీక్కెళ్ళారో తెలీదు.
తలుపులు కేజీల లెక్కన పోయాయట.
మీరా పోయిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది.
ఆయన బరువుకి కుంగిన కుడివైపు గుంటలో
ఇప్పుడు నేనున్నాను.

చేతులనిండా గ్రీజుతో, టీ గ్లాసు పట్టుకుని
కుర్రాడొకడు వచ్చి నిలబడ్డాడు.
"కాస్త జరగండి బాబాయ్."

జరిగాను.
ఎడమకాలు, నన్నడక్కుండా,
సిమెంటు నేలని అడుగంటా తొక్కింది.