పుక్కిలి

మర్రిగూడ దాటినంక రోడ్డు ఇరుకైతది.
తుమ్మకొమ్మలు వ్యాను అద్దాలను గీరుతుంటే
లోపల కుర్చీ కదలకుండ కట్టిన తాడును
మళ్లొకసారి మలిగి చూసుకునేటోణ్ని.
పళ్ల డాక్టరు కుర్చీ అది,
గుండీ ఒత్తితే ఎనకకు వాలుతది.
బడిపిల్లలకైతే రంగులరాట్నం లెక్కనే.

నేను డ్రైవర్ను.
జనరేటరు నాదే, నీళ్ల క్యాన్లు నాయే,
చీటీలు రాసి పేర్లు పిలిచేది గూడ నేనే.
డాక్టర్ తహసీన్ మేడం పొద్దుగాల ఒక్కటే అడిగేది:
"ఎంతమంది?"
"బడి గోడ దాక లైను" అంటె
గ్లౌజులు తొడుక్కునేది, అంతే.

గిది కిష్ణ నీళ్లు ఇంకా రానప్పటి ముచ్చట.

తండా నుంచి దస్లి వచ్చింది,
చెంప మీద తువ్వాల ముడేసుకోని.
లవంగం పెట్టిందట, తంబాకు పెట్టిందట,
ఆఖరికి కిరసనాయిల్ల ముంచిన దూది పెట్టిందట.
నాలుగు నెలల నొప్పి
స్టీలు పళ్లెంల టంగుమని పడ్డది.
"గింతేనా?" అన్నది దాన్ని చూసి.
పోతపోత బానెట్ మీద
రెండు సీతాఫలాలు పెట్టి పోయింది, ఒకటి సగం పిట్ట కొట్టింది.

ఏడో తరగతి శైలజ
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోనే పేరు చెప్పింది.
"పళ్లు తోముకొని రా అని సారు కొడతడు మేడం.
రెండు పూటల తోముతున్న.
ఇటుకపొడితోని గూడ తోమిన."
మేడం పెన్ను పట్టుకోని శానాసేపు ఏం రాయలే.
"నీది తప్పు కాదురా, నీళ్లది" అన్నది.
పిల్ల బోరింగు దిక్కు చూసింది,
కరిచిన కుక్కను చూసినట్టు.

నేను జనరేటరు తానకు వోయిన, డీజిలు చూసే వంకతోని.
నా మీసం గింత దొడ్డుగ ఎందుకు పెంచిననో
మేడం ఎన్నడడుగలే.

ఈదయ్య తాత వంతు వచ్చేసరికి పొద్దు వాలింది.
నడుము ముందుకు వంగి గట్లనే బిగిసిపోయింది,
మెడ ఎటూ తిరగదు.
ఇరవై ఏండ్ల సంది మనుషుల కాళ్లు చూసి
పేర్లు చెప్తడట.
కుర్చీల కూసోబెట్టి నేను గుండీ ఒత్తిన.
కుర్చీ వాలింది, తాత వాలలే.
రెండిటి నడుమ
ఒక మనిషి పట్టేంత జాగ ఖాళీగ మిగిలింది.

అచ్చిన పైసల్ల సగం ఆ కుర్చీకే పెట్టినం.
గుండీ మీద ఏలు అట్లనే ఉంది నాది.

మేడం ఏమనలే.
తాతను దించి మెట్టు మీద కూసోబెట్టమన్నది.
తను కింద, మట్టిల, మోకాళ్ల మీద కూసుంది.
సెల్‌ఫోను లైటు నేను పట్టిన.
తాత కిందికి చూసిండు,
అక్కడ మేడం మొహం ఉంది.
"నువ్వా డాక్టరమ్మవు?" అన్నడు. "శిన్నపిల్లవే!"

పన్ను తీసినంక గిలాసల క్యాను నీళ్లు పోసిచ్చిన.
"పుక్కిలించి ఉమ్మెయ్యి తాతా."
నోట్ల పోసుకున్నడు.
ఇటు చెంపకు, అటు చెంపకు తిప్పిండు.
కండ్లు మూసుకున్నడు.
బకెట్టు నేను ముందర పెట్టిన.
గుటుక్కున మింగిండు, నెత్తురుతోని సహా.

"ఉమ్మమన్న కదనే!"
"గిసొంటి తియ్యని నీళ్లు
ఎట్ల ఉమ్మబుద్ధయితది బిడ్డా?"

మేడం మోకాళ్లకు మట్టి దులుపుకోకుంటనే లేచి
ఇంకో గిలాస నింపింది.
ఆ రాత్రి తిరుగుబాటల
ఖాళీ క్యాన్లు దొర్లుతుంటే
ఇద్దరం ముచ్చట వెట్టుకోలే.

ఇప్పుడు గదే ఊరికి నల్లా వచ్చింది.
శైలజ బిడ్డ పళ్లు అటుకుల లెక్క తెల్లగున్నయి,
అందరికీ ఇకిలించి చూపిస్తది.
తాత లేడు.
మోసేటప్పుడు గూడ నిటారుగ పండుకోలేదని
పాడె కట్టినోళ్లు చెప్పిండ్రు.

నేను మాత్రం
పొద్దుగాల మొఖం కడుక్కుంట పుక్కిట పట్టిన నీళ్లను
ఉమ్మబోయి ఒక్క నిమిషం ఆగుత.
నా పెండ్లాం నవ్వుతది,
"మింగుతవా ఏంది?"