సలుపుకి ఒడియా మాట

పర్లాకిమిడి కోర్టులో
తిరగని ఫ్యాను కింద
నేను మాటలు మోసే మనిషిని.
తెలుగు ఇటు పట్టుకొని ఒడియా అటు అందిస్తాను,
పూటకి ఇంతని.

ఈ పూట కొయిలాపు తవిటమ్మ.
కొమ్ము పని చేసేది. దున్నపోతు కొమ్మును కాచి, వంచి,
కొంగ మెడ తీసేది.
కాగిన నూనె కుడిచేతి మీద ఒలికిన నాడు
మూసుకున్న పిడికిలి
మళ్ళీ తెరుచుకోలేదు.

సర్కారు డాక్టర్లు ముగ్గురు చూశారు.
ముప్పై ఎనిమిది శాతం అన్నారు.
నలభై ఉంటేనే పింఛను.
ఆ రెండూ ఏ వేలి దగ్గర తగ్గాయో
కాగితం మీద లేదు.
ముద్ర ఉంది, గుండ్రంగా, ఊదారంగులో.

జడ్జిగారు అడిగారు, నొప్పి ఉందా అని.
నేను అడిగాను.
"పగలు సలుపు బాబూ. రాతిరి పోటు.
మబ్బేస్తే తీపు.
సన్నీళ్ళు తగిల్తే మోసెయ్యి దాకా గుంజుతాది.
ఒకోపాలి ఏటీ ఉండదు, మొద్దు. అప్పుడే బయమేస్తాది,
ఈ సెయ్యి నాది కాదేటో అని."

నేను ఒడియాలో అన్నాను:
కష్ట హేఉఛి.

టైపిస్టు రెండు మాటలు కొట్టాడు.
ఆమె నా నోటి వైపు చూసింది,
సంతలో తూకం తగ్గినప్పుడు చూసే చూపు.
"అంతేనా బాబూ? నానింత సెప్పాను గదా."

ప్రభుత్వ వకీలు లేచాడు.
అన్నం కలుపుకోగలదా? సంతకం పెట్టగలదా?
"ఎడం సేత్తో నేర్సుకున్నాను" అంది,
కొంచెం గర్వంగా.
ఆ మాట మింగేద్దామనిపించింది.
మింగడం నా పని కాదు.
చెప్పాను. వకీలు తృప్తిగా కూర్చున్నాడు.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
నాకోసం నేను నోరు తెరిచాను.
హుజూర్, ఇందాక తప్పు చెప్పాను.
ఆమె చెప్పినవి అయిదు, నా దగ్గర ఒకటే ఉంది.
అయిదూ తెలుగులోనే రాయించండి.

పేష్కారుకి కాస్త తెలుగు వచ్చు.
తీపంటే మిఠాయి కదా, అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
జడ్జిగారు కళ్ళజోడు తీసి, నాలుక తిరగక,
సొలుపు అన్నారు.
మళ్ళీ అన్నారు.
టైపిస్టు ఒడియా అక్షరాల్లో ఒక్కొక్కటే కొట్టాడు:
సలుపు. పోటు. తీపు. గుంజు. మొద్దు.

తీర్పు రాలేదు.
బరంపురంలో కొత్త బోర్డు, వచ్చే నెల పదిహేడున.
బస్సు చార్జీ ఎవరిస్తారని ఆమె అడిగేసరికి
కోర్టు లేచిపోయింది.

మెట్ల దగ్గర అంది,
"మా సెల్లిది ఏటికవతల, పాతపట్నం.
ఆ డాక్టర్లయితే ఈ సేతికి ఎంతేద్దురో."
మహేంద్రతనయ దాటితే
శాతాలు మారతాయేమో, నాకు తెలియదు.

టీ తాగాం.
గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంది.
కుడి పిడికిలి చెంగులో దాచుకుంది,
లోపల చిల్లర ఉన్నట్టు.