పొద్దెక్కి లేచే చెట్టు

మలత్యాలో ఆప్రికాట్ చెట్లకు ఓపిక లేదు.
మార్చి ఆఖర్న నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు,
కొండ మీద మంచు కరగకముందే
ఒళ్ళంతా పూత.
ఏప్రిల్లో ఒక్క రాత్రి
పాదరసం సున్నా కిందికి జారుతుంది.
తెల్లారి పువ్వు చీల్చి చూస్తే
నడుమనున్న పచ్చని పిందె
కాలిన అగ్గిపుల్ల తలలా నల్లగా.

అలాంటి ఒక తెల్లవారుజామున
నాన్న తోటలోంచి వచ్చి, ఏమీ అనకుండా,
బురద బూట్లతోనే దివాను మీద పడుకున్నాడు.
ఆ మరుసటి వసంతం నేను
పరిశోధన క్షేత్రంలో రోజుకూలికి చేరాను.

ఫెర్హుందె హానిమ్ చేతికి పట్టకారు ఇచ్చి అన్నారు:
"మొగ్గ బుడగలా ఉబ్బి, ఇంకా పగలకముందే పట్టుకో.
రేకులు తీసెయ్. కేసరాలు తీసెయ్.
నడుమ నిలబడ్డ ఆ ఒక్క కాడను గీరావో,
పువ్వూ దండగే, నీ కూలీ దండగే."

తల్లి మా ఊరి చెట్టే. ఎండబెడితే తేనె ముద్ద.
తండ్రి ఎక్కడో లోయ అంచున, ఎవరూ నాటని చెట్టు.
కాయ కొరికితే పళ్ళు జివ్వుమంటాయి.
కానీ ఊరంతా పూసి రాలాక
అదప్పుడు ఒళ్ళు విరుచుకుంటుంది.
ఇద్దరికీ పూత కలవదు.
అందుకే పెళ్ళికొడుకు ఏడాది ముందే వచ్చి
ఫ్రిజ్‌లో, గాజు సీసాలో,
పసుప్పచ్చని పొడిగా కూర్చున్నాడు.
వేలి కొసతో అద్దాను,
పాపాయికి బొట్టు పెట్టినంత మెల్లగా.

"మనం వెతికేది తీపి కాదు, బద్ధకం," అన్నారావిడ.
ఆలస్యం అమృతం విషం అన్నవాళ్ళు
ఒక్క ఏప్రిల్ రాత్రి మా ఊళ్ళో పడుకోవాలి.

పదకొండు వందల పూలు.
మూడు వందల టెంకలు, తడి ఇసుకలో, చలిలో, మూడు నెలలు.
మొలిచినవి రెండు వందల ఆరు.
ఈలోగా నాకు పెళ్ళైంది, కొడుకు పుట్టాడు.
వాడూ పొద్దెక్కితేగాని లేవడు.
అత్తగారు తిడుతుంది. నేను దుప్పటి సర్దుతాను.

ఆరో ఏట పూత మొదలు.
తొందరపడ్డ ప్రతి చెట్టు మొదలుకీ ఎర్ర రంగు, అంటే గొడ్డలికి.
పూసింది నా చేతులే. అన్నీ తల్లి పోలికే.
ఒక్కోటి కొట్టేస్తుంటే
లోపల ఎంత తీపి ఉండేదో అనిపించేది, అడగలేదు.

ఎనిమిదో ఏట మళ్ళీ ఆ రాత్రి వచ్చింది.
ఊరు ఊరంతా తడిగడ్డి, పాత టైర్లు తగలేశారు.
పొగలో దగ్గుకుంటూ, టార్చి పట్టుకుని
తొమ్మిదో వరుసకు వెళ్ళాను.
నలభై ఒకటో చెట్టు
గుప్పిట విప్పలేదు.

జూలైలో పదకొండు కాయలు.
ఫెర్హుందె హానిమ్ ఒకటి కొరికారు.
మొహమంతా ముడుచుకుపోయింది.
నా చేతిలో రంగు డబ్బా ఉంది.
"కొట్టెయ్యాలా?"
ఆవిడ టెంక అరచేతిలోకి ఉమ్మి, కోటుకి తుడిచి
జేబులో వేసుకున్నారు.
"దీన్ని మళ్ళీ తీపికి ఇద్దాం.
నాకింక మూడేళ్ళే సర్వీసు. నువ్వు ఉంటావుగా."

మూడు కాయలు దొంగతనంగా ఇంటికి తెచ్చాను.
నాన్న ఒకటి తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత పులుపు.
తుడుచుకుని
"ఎప్పుడు పూసింది?" అని అడిగాడు.
"ఏప్రిల్ పంతొమ్మిదిన."
ఇంకోటి అందుకున్నాడు.