పండ్ల డాక్టరు ఎంగయ్య

చిత్తూరులో కాట్పాడి రోడ్డు వెడల్పు పని.
సమాధుల తోటలోకి టేపు పట్టుకుని పోయాను.
గోడ నుంచి నాలుగు మీటర్ల ఇరవై లోపల
ఏవేవి పోతాయో రాసుకోవాలి. నా పని అంతే.

పదిహేడో రాయి దగ్గర పెన్ను ఆగింది.
పైనుంచి కిందికి దిగే అక్షరాలు,
కొన్ని కోడి గీరినట్టు, కొన్ని కిటికీ చువ్వల్లా.
"చైనా ఆయనది సార్" అన్నాడు కాపలా దేవసగాయం.
"ఆత్మల పండగనాడు కొవ్వొత్తి మిగిలితే ఈయనకే.
మిగిలేది ఎప్పుడో ఒకతూరి."

చర్చి రిజిస్టరులో చైనా పేరే లేదు.
చెదలు తిని వదిలేసిన సగం పుటలో
అరవై ఐదు, జూలై:
ఎంగయ్య. పండ్ల డాక్టరు.
మతం అన్నచోట ఒక అడ్డగీత,
గుమాస్తా కాసేపు ఆలోచించినట్టు
మధ్యలో సిరా ఉబ్బింది.

రాయి ఫొటో తీసి ఫర్హానాకు చూపించాను.
గ్రీమ్స్‌పేట మందుల షాపు జిలానీ కూతురు,
వూహాన్‌లో డాక్టరు చదువు సగంలో
రోగమొచ్చి ఊరంతా మూస్తే తిరిగొచ్చిన పిల్ల.
పాత రాత అంటూ తడుముకుంటూ చదివింది.
"హుబే... నేనున్న రాష్ట్రమే అంకుల్!
హూ. తర్వాత... షుయి షెంగ్.
పండ్లు కట్టును."
నవ్వబోయి ఆగింది.
"కింద ఇంకొక్క మాట:
నొప్పి ఉండదు."

సమాధి మీద ఎవరు రాస్తారు ఆ మాట?

మళ్ళీ పోయి రాయి అడుగున మట్టి గీకాను.
జానెడు లోతున తెలుగు: ఓ. ఆచారి.

కొడుకు గురవాచారి ఇప్పుడు గ్రానైటు పలకలమీద
చచ్చినోళ్ళ ముఖాలను కంప్యూటరుతో చెక్కుతున్నాడు.
దుమ్ము గుడ్డ ముక్కు మీంచి దించి చెప్పాడు:
"మా నాయన పండ్ల సెట్టు ఆయన కట్టిందే.
పండ్ల డాక్టరు అని బోర్డుండాదని
బంగారుపాళెం రైతొకడు
పూత మాడిన మామిడి రెమ్మ తువాల్లో చుట్టుకోనొచ్చి
బల్లమీద పెట్టినాడంట.
ఎంగయ్య నగలేదంట.
చిన్నద్దంతో రెమ్మను తిప్పి తిప్పి చూసి
'ఇది నాకు తెలీదు, నీ నోరు తెరువు' అన్నాడంట.
రెండు దవడ పండ్లు పీకించుకోని
రెమ్మను ఆడనే మరిచిపోయి పోయినాడంట ఆ రైతు."

"యుద్ధమొచ్చిన ఏడు పోలీసులు బోర్డు పీకేసినారు.
వారానికొకతూరి స్టేషన్లో సంతకం, జిల్లా దాటకూడదు.
నోరు తెరిచేటోళ్ళు రావడం మానేసినారు.
మా నాయన మాత్రం రాత్రిపూట పోయేవాడు,
పండ్లు వదులైనాయని సాకు.
సెట్టు డబ్బుల్లో ఇరవై రూపాయలు బాకీ.
తీర్చేలోపల ఆయన పోయినాడు."

ఆ బోర్డు చెత్తలోంచి తెచ్చుకుని
వడ్ల గాదెకు మూతగా పెట్టుకున్నాడు ఓబుళాచారి.
ఏ అక్షరం ఏమిటో తెలియదు.
పేరెక్కడ మొదలై అంగడెక్కడ ముగుస్తుందో తెలియదు.
అందుకని ఒక్క గీత వదలకుండా
అంతా రాయిమీదికి దించాడు.
ఇరవై రూపాయలకు, పదకొండు రోజులు.

బోర్డు ఇంకా ఉంది, అటకమీద.
ఫర్హానాను తీసుకుపోయాను.
మూడో అక్షరం దగ్గర వేలు ఆపింది:
తలమీద పెద్ద మేకు, తుప్పుపట్టి.
"మేకు కింద చుక్కుండాది అంకుల్!
ఆ చుక్కతో ఇది యొంగ్, అంటే ఎప్పటికీ.
అది లేకనే నేను షుయి అని చదివినా. నీళ్ళని."

మూడు వేల మైళ్ళ అవతల ఎవరో తండ్రి
ఎప్పటికీ బతకమని పెట్టిన పేరు
నీవా నది ఎండిన ఊళ్ళో
అరవై ఏళ్ళుగా నీళ్ళై ఉంది.

"చుక్క కొట్టేదా?" అన్నాడు గురవాచారి, ఉలి వెతుక్కుంటూ.
"ఒక్క దెబ్బ. కూలీ వద్దు."

మా నాయన తప్పును దిద్దేదా అని
అడుగుతున్నట్టుంది ఆ గొంతు.

నేనింకా ఏమీ చెప్పలేదు.
ఫారంలో పదిహేడో నంబరు ఎదుట
యజమాని అన్న గడిలో
ఎంగయ్య అని రాశాను.
వారసులు అన్న గడి
ఖాళీగా వదలబుద్ధి కాక
దవడ పన్నును నాలుకతో తడుముకుంటూ
కూర్చున్నాను.