మాడిన రొట్టె

ఆరాధన అయ్యాక, టీ బల్ల దగ్గర,
గ్వెన్లియన్ తెచ్చిన రొట్టె అడుగు మాడింది.
"దహనబలి!" అన్నాను.
చాపెలంతా గొల్లుమంది.
ఆమె కూడా నవ్వింది,
పళ్లెం మీద గుడ్డ కప్పేస్తూ.

బొగ్గు గుట్టల పక్కన, వానలో,
నా భార్య అంది:
"వాళ్ల టెగిడ్ పోయింది గని మంటల్లోనే కదా."

తెలుసు.
శవపెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి.
భుజానికి గుర్తుంది. నాలుక మరిచింది.

శనివారం నేనే పిండి కలిపాను.
బొగ్గయింది.
అదే పట్టుకెళ్లి తలుపు తట్టాను.
తమాషాకన్నానని అనబోయి, మింగేసి,
"తప్పయింది" అన్నాను.

ఒక ముక్క విరిచింది. నమిలింది.
చాలాసేపు నమిలింది.
"ఎమ్లిన్, దీన్ని యెహోవా కూడా
ఆఘ్రాణించడయ్యా!"

నవ్వొచ్చా అని
ముందు ఆమె కళ్లలోకి చూశాను.