అదనపు కాగితం

బయట విన్నిపెగ్, మైనస్ ముప్పై ఒకటి.
వంటింటి బల్ల మీద ఫారం. నల్ల సిరాతోనే నింపాలట.
గత పదేళ్లలో తలదాచుకున్న ప్రతి చోటూ రాయాలి,
నెలలతో సహా, వీధి నంబరుతో సహా.
తాత్కాలికమైనవి కూడా.
ఖాళీలు వదలరాదు.

సెమిసి చెప్తుంటాడు, నేను రాస్తుంటాను.
మా ఇద్దరిలో చేతిరాత నాది బాగుంటుంది,
జ్ఞాపకం అతనిది.

వవావూ దీవిలో మేనత్త ఇల్లు. ఒక గడి.
ఆక్లండ్‌లో పండ్ల గిడ్డంగి వాళ్లిచ్చిన మంచం,
మంచాన్ని గది అని రాశాను. ఒక గడి.
ఆ తర్వాత మడగాస్కర్.
ఇరవై నాలుగు నెలలు, పదకొండు కప్పులు.
గడులు అయిపోయాయి. అదనపు కాగితం తీశాను.

"ఆంట్సిరాబే. రిక్షాల అడ్డా వెనక ఎర్రిటుకల మేడ."
నంబరు?
"లేదు. కింద సైకిళ్లు బాగుచేసే ముసలాయన ఉండేవాడు.
చీకట్లో ఆయన దగ్గు వినపడితే ఇల్లొచ్చినట్టు."
దగ్గుకి పోస్టల్ కోడ్ ఉండదు సెమిసీ.

"తర్వాత ఆరు వారాలు బొగ్గుల దుకాణం పక్కన.
పొద్దున తెల్ల చొక్కా ఆరేస్తే
సాయంత్రానికి బూడిద రంగు."
ఆ బూడిద రంగుకీ గడి లేదు.

వృత్తి: మత సేవ.
జీతం: సున్నా.
యజమాని పేరు దగ్గర పెన్ను ఆగింది.
ఫోన్ నంబరు కూడా అడుగుతున్నారు, ఏం రాయను, అన్నాను.
అతను నవ్వలేదు. "అంటననరివో ఆఫీసుది రాయి."

తేదీలు కూడితే పందొమ్మిది రోజులు తగ్గాయి.
మళ్లీ కూడాను, వేళ్ల మీద, తర్వాత పాత క్యాలెండరు మీద.
ఏప్రిల్ పదకొండు నుంచి ఇరవై తొమ్మిది దాకా
మా ఆయన భూమ్మీద ఎక్కడా లేడు.

"ముందు గదిలోనే ఉన్నానని రాసెయ్."
నాలుగేళ్ల కాపురం. ఆ గొంతు నాకు తెలుసు,
చెప్పులు చేత్తో పట్టుకుని గది దాటే గొంతు.
నేను రాయలేదు.
నీళ్లు మరిగాయి, చల్లారాయి, మళ్లీ పెట్టాను.

బ్యాడ్జి తీసి జేబులో వేసుకున్నాడట.
దేవుడి మీద అలక కాదు,
తోడున్న తాహితీ కుర్రాడితో గొడవా కాదు.
తలుపులు తట్టి తట్టి వేలి కణుపులు నొప్పెట్టాయట,
అంతే.
బస్సెక్కి, రోడ్డు అయిపోయిన చోట దిగాడు.
అది కోతల కాలం.
రసువా అనే వితంతువు ఇతన్ని చూసి
నువ్వెవరని అడగలేదు, కొడవలి ఇచ్చింది.

పందొమ్మిది రోజులు వరి కోశాడు.
వడ్ల బస్తాల పక్కన పడుకున్నాడు.
ఒక్క ప్రార్థనా చెయ్యలేదు.
తినేముందు ఆమె ఒక ముద్ద తీసి గడప మీద పెట్టేదట.
"ఎవరికని నేనడగలేదు.
ఎవరికీ ఏదీ బోధించని రోజులవి."
ఊళ్లో ఆ కుర్రాడు జ్వరమని చెప్పి నెట్టుకొచ్చాడు.
అమ్మకు రాసిన ఉత్తరాల్లో లేదు, చర్చిలో చెప్పలేదు,
పెళ్లయిన రాత్రి నాకూ చెప్పలేదు.
ఈ ఫారం అడిగిందని చెప్తున్నాడు.

మత సేవను కొట్టేసి రెండు ముక్కలుగా రాశాను.
మధ్యలో ఒక వరస.
చిరునామా: వరిచేను, బస్సు ఆగిపోయే చోటు.
వృత్తి?
"కూలి."
జీతం?
"అన్నం. కూరాకు."

అధికారి పిలిచి అడిగితే, అన్నాను.
"అడగనీ.
ఇప్పుడు తలుపు తట్టేది వాళ్లు,
తియ్యాల్సింది నేను."
అని, కోటు వేసుకుని,
మెట్ల మీద మంచు తవ్వడానికి వెళ్లాడు.

సిరా ఆరేదాకా ఊదాను.
పైన, కుడి మూల, చిన్న అక్షరాలతో:
అదనపు కాగితం, మూడింటిలో రెండోది.